చల్లారిన అంబలిలోనే మజ్జిగ

శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో చోడి (రాగి) పిండిని రాత్రి నానబెట్టి పులియజేసి, మరునాడు అంబలి కాచుదురు. పులుపునకు కారణమైన సూక్ష్మజీవులు ఆ ఉడుకులో నశించును. చల్లారిన పిదప కలుపు మజ్జిగయే సజీవమైన వానిని మరల చేర్చును. ఆత్రపడి వేడిలో పోసినచో అవియు చచ్చును. పెరుగును వేడిచేసి తినరాదని చరకుడును చెప్పెను. మజ్జిగపులుసు రుచికే గాని ఇందుకు పనికిరాదు.

జఠరామ్లము మరొక గండము. దానిని దాటించుటకై నేటి శాస్త్రజ్ఞులు ఈ జీవులను సముద్రపు నాచునుండి తీసిన ఆల్జినేట్ జిగురులో కలిపి, కాల్షియం లవణము కరగిన నీటిలో బొట్లుగా విడుతురు. బొట్టు గట్టిపడి సన్నని గుళిక యగును. ఆమ్లములో నిలిచి, ప్రేగులలో విచ్చుకొనును. ఇంటి మజ్జిగకు అట్టి కవచము లేదు. ఆహారము తోడైనపుడు ఆమ్లతీవ్రత కొంత తగ్గును గనుక, పరగడుపున కంటె భోజనముతో సేవించుట మేలు. యాంటీబయాటిక్ వాడు బిడ్డలకు మందునకు, మజ్జిగకు నడుమ రెండు గంటలు ఎడమీయవలెను.