నిధులు ఆగిన తర్వాతి బడి

నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను. విదేశీ సొమ్ముతో వచ్చిన రెండు పథకాలకు మదింపు ఫారాలు నింపింది ఈ చేతులే. నేను తప్పిన చోట్లు చెబుతాను, వినండి.

1. తనిఖీ రోజు చూసింది బడి కాదు.

బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా విస్తరించిన ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం)లో ఆరు బోధన సూత్రాలు ఉండేవి. పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించడం వాటిలో ఒకటి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే మా టీచర్స్ సెంటర్ బాధ్యత నాది. అధికారులు వస్తున్నారంటే ముందురోజు సాయంత్రం తాళ్లు కట్టి బొమ్మలు వేలాడదీసేవాళ్లం. ఫారంలో ‘ఉంది’ అని నేనే రాసేవాణ్ణి. 1996లో పథకం ముగిసింది. రెండేళ్ల తర్వాత అలా ముస్తాబు చేసిన ఒక బడికి వెళ్తే తాళ్లకు అవే బొమ్మలు, దుమ్ము పట్టి. అందులో ఒక నెమలి బొమ్మ గీసిన పిల్ల అప్పటికే బడి మానేసి ఇంట్లో బీడీలు చుడుతోంది. నా ఫారంలో ఆ పిల్లకు గడి లేదు. ఇప్పటికీ ఆ నెమలి కళ్లలో మెదులుతుంది.

2. ఊరు అడగని డబ్బు ఊరిది కాదు.

తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) మా జిల్లాకొచ్చింది. బడికి ఏడాదికి రెండు వేలు, టీచరుకు ఐదొందలు. ఏం కొనాలో నేనే నిర్ణయించి, గ్రామ విద్యా కమిటీ వాళ్లతో సంతకాలు పెట్టించుకున్నాను. పని తొందరగా అయిందని సంతోషపడ్డాను. డబ్బు ఆగినప్పుడు ఒక్కరూ అడగలేదు. అడిగే అలవాటు నేను చేయలేదు కదా.

3. నడుస్తున్న పథకానికి వేసే లెక్క సగం లెక్కే.

ఏపీపీఈపీని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు మదింపు చేశారు. పథకం ముగిశాక ఏం మిగిలిందని అడగడానికి మా బడికి ఎవరూ రాలేదు. నేనూ అడగలేదు.

4. ఖర్చు లేనిదే మిగిలింది.

మా సెంటర్‌కు వచ్చే ఒక టీచరమ్మ చింతగింజలు, పసుపు కొమ్ములతో కూడికలు నేర్పేది. నిధులు ఆగినా ఆమె ఆగలేదు. ఆమె దగ్గర చదివి టీచరైన అమ్మాయి ఇప్పుడూ అలాగే చెబుతోంది. ఏ నివేదికలోనూ నేను ఆమె గురించి రాయలేదు.

ఇవాళ నివేదికలు రాస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పథకం ముగిసిన మూడో ఏడు, ముందు చెప్పకుండా, ఒక్కసారి ఆ బడికి పోయి రండి.