తండ్రియు కుమారుడును కూడి వేటకు వెళ్లినప్పుడు

పాఠ్యభాగము: ఆదికాండము 25:24-28, 27:1-40

ఈ నెల ఇస్సాకు గుడారమునొద్దకు వెళ్లుదము. ఇస్సాకునకు వేటమాంసము ఇష్టము. అది తెచ్చువాడు ఏశావు గనుక అతడు ఏశావును ప్రేమించెనని 25వ అధ్యాయములో చదువుచున్నాము. అయితే తండ్రి ఒక్క దినమైనను విల్లు పట్టుకొని కుమారునితో కూడ పొలమునకు వెళ్లినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. 27వ అధ్యాయములో తండ్రి కన్నులు మందగించి గుడారములో నున్నాడు. కుమారుడు ఒంటరిగా అడవిలో నున్నాడు. వారిద్దరి నడుమ నున్న ఆ దూరములోనే మోసము జొరబడెను.

ఇదే ఇస్సాకు చిన్నవాడై యుండగా తన తండ్రి అబ్రాహాముతో మూడు దినములు ప్రయాణము చేసెను. వారిద్దరు కూడి వెళ్లిరని 22వ అధ్యాయము రెండుమారులు చెప్పుచున్నది. ఊరకనే రెండుమారులు చెప్పబడలేదని మా తలంపు.

కూడి వెళ్లిన మరియొక తండ్రి కొడుకుల సంగతి చెప్పుదుము. థియోడోర్ రూజ్‌వెల్ట్ 1901 మొదలు 1909 వరకు అమెరికా సంయుక్త రాష్ట్రములకు అధ్యక్షుడుగా నుండెను. అంతటి పదవిలో నున్నవానికి ఇంటివారితో గడుపుటకు తీరిక ఎంత ఉండును? ఆఫ్రికా ఖండమునకు వేటకు పోవలెనని పదవిలో నుండగానే అతడు తలపోసి, పదవి దిగిన పందొమ్మిదవ దినముననే, అనగా 1909 మార్చి 23న, న్యూయార్కులో ఓడ యెక్కెను. అప్పటికి అతనికి 50 ఏండ్లు. వెంట వచ్చినవాడు రెండవ కుమారుడైన కెర్మిట్, 19 ఏండ్లవాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయములో చదువు ఆపుకొని బయలుదేరెను.

వారు మోంబాసాలో దిగి, నేడు కెన్యా అనబడు దేశము మీదుగా కాంగో సరిహద్దుల వరకు పోయి, నైలు నది వెంబడి 1910 మార్చిలో ఖార్టూము చేరిరి. దాదాపు ఒక సంవత్సరము! తండ్రి బాలుడై యుండగా, 1872లో తన తండ్రి యిచ్చిన తుపాకితో ఆ నైలు నది మీదనే పక్షులను కొట్టెను. చూపు మందమని అతనికి తెలిసినది ఆ సంవత్సరముననే. ఆఫ్రికాకు వచ్చునాటికి అతని ఎడమకన్ను దాదాపుగా చూపు కోల్పోయెను. ఇస్సాకువలె ఇతడును మసక కన్నులవాడే. అయినను గుడారములో కూర్చుండలేదు.

కెర్మిట్ చిన్ననాట కొంత బెరుకు గలవాడు. అడవిలో అతని తెగువ చూచి తండ్రి ఆశ్చర్యపడి, ఆ తెగువ మితిమీరుచున్నదని భయపడుచు ఇంటికి ఉత్తరము వ్రాసెను. తండ్రులారా, ఇది గమనింపుడు. ఇంటిలో నుండగా ఎరుగని కుమారుని అతడు అక్కడ ఎరిగెను. తరువాత ఆ ప్రయాణమును గూర్చి వ్రాసిన గ్రంథమును, గొప్ప సాహసములో తన జతగాడని పేర్కొనుచు కెర్మిట్‌కే అంకితము చేసెను.

రాత్రులు చదువుకొనుటకు పందితోలు అట్టలు వేయించిన చిన్న గ్రంథాలయమొకటి వెంట మోయించిరి. అందులో బైబిలును ఉండెను. మోసినవారు రెండు వందలకు మించిన ఆఫ్రికా కూలీలు. చదివినవారి పేర్లు అందరికిని తెలియును. మోసినవారి పేర్లు తెలిసినవారు తక్కువ.

తండ్రి కొడుకులు కలిసి చంపిన మృగములు 512. అందులో సింహములు 17, ఏనుగులు 11. చాలవరకు వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థ ప్రదర్శనశాలకు పంపబడెనన్నది నిజమే. అయినను ఆ లెక్క మాకు అధికముగానే తోచుచున్నది. మన దేశములో 1972 నాటి చట్టమును, కెన్యాలో 1977 నాటి నిషేధమును అట్టి వేటను ఆపివేసెను, అది మంచిదే.

అయితే ఆ ప్రయాణపు ఫలము వేరొకచోట కనబడెను. 1914లో తండ్రి కొడుకులు బ్రెజిల్ దేశపు అడవులలో ఎవరును కొలువని ఒక నదిమీద పడవలలో ప్రయాణము చేసిరి. కెర్మిట్‌కు పెండ్లి నిశ్చయమై యుండెను. అయినను తల్లి కోరగా పెండ్లి వాయిదా వేసికొని తండ్రి వెంట వెళ్లెను. తండ్రి కాలికి గాయమై, చీము పట్టి, మలేరియా జ్వరముతో నడువలేని స్థితి వచ్చెను. ఆహారము తరుగుచుండెను. తనను విడిచి పొండని తండ్రి చెప్పెను. కుమారుడు ఒప్పుకొనలేదు. తాను చనిపోయినను వీడు తన శవమును మోసికొనియే వచ్చునని తండ్రి గ్రహించి, అందరికి భారము కాకుండునట్లు బ్రదుకుటకే నిశ్చయించుకొనెను. అతడు ఇంటికి తిరిగివచ్చి 1919 జనవరి వరకు జీవించెను.

కెర్మిట్ కడవరి దినములు దుఃఖకరమైనవి. త్రాగుడుకు లోబడి, 1943లో అలాస్కాలో తన ప్రాణము తానే తీసికొనెను. తండ్రితో గడిపిన ఒక మంచి సంవత్సరము కుమారుని జీవితమంతటిని కాపాడునని మేము చెప్పజాలము. కాని కెర్మిట్ విడువనందున తండ్రి బ్రదికెననుట నిశ్చయము.

ఇప్పుడు ఏశావు యొద్దకు మరలుదము. అతడు వేట తెచ్చి, వండి, గుడారములో ప్రవేశించునప్పటికి ఆశీర్వాదము పోయెను. తండ్రి మిక్కుటముగా వణకెను, కుమారుడు బిగ్గరగా ఏడ్చెను. ఆ యేడ్పులో అడిగినది మాంసమునకు వెల కాదు. తనకొరకు తండ్రియొద్ద ఒక మాటయైనను మిగిలి యున్నదా అని అడిగెను.

తాను ఎప్పుడు చనిపోవుదునో తెలియదని ఇస్సాకు ఆ దినమున చెప్పెను. అయితే యాకోబు పద్దనరాములో ఇరువది సంవత్సరములు కొలువు చేసి తిరిగి వచ్చినప్పుడు ఇస్సాకు ఇంకను మమ్రేలో సజీవుడై యుండెను (31:38, 35:27). ఏశావు శేయీరు దేశములో నుండెను. ఇస్సాకు నూట ఎనుబది యేండ్ల వాడై చనిపోగా ఏశావును యాకోబును కలిసి అతనిని పాతిపెట్టిరి.