వ్యాయామవిద్య – ప్రభుత్వము – సంఘము

బాలబాలికలారా! మన కాలపట్టికలో గణితమున కెన్ని గంటలు గలవో, ఆటల కెన్ని గంటలు గలవో యెన్నడైన లెక్కించితిరా? ఆ లెక్కను నిర్ణయించునవి రెండు. ఒకటి ప్రభుత్వము వ్రాసిన విధి. రెండవది సంఘము మనస్సున నుంచుకొన్న తలంపు. ఈ రెండును గలసిననాడు ఆటస్థలము పిల్లలతో నిండును. ఒకటి ముందునకును, రెండవది వెనుకకును లాగిననా డది బీడుపడును. ఈ సంగతిని మన ప్రాంతపు చరిత్రనుండియే విచారింతము.

1882వ సంవత్సరమున హంటరు దొరగారి యధ్యక్షతను విద్యావిచారణసంఘ మేర్పడెను. దేశీయక్రీడలను, కసరత్తులను, డ్రిల్లును ఆయా పాఠశాలల స్థితికి దగినట్లు ప్రోత్సహింపవలెనని యా సంఘము సూచించెను. సూచన మంచిదే, కాని పెక్కు పాఠశాలలలో నెగ్గినది డ్రిల్లు మాత్రమే. దానికి హేతువు లేకపోలేదు. డ్రిల్లునకు విశాలమైన స్థల మక్కరలేదు. ఒక్క ఉపాధ్యాయుడు, పలుచోట్ల సేనలో పనిచేసి విరమించిన సిపాయి, నూర్గురను వరుసగా నిలిపి నడిపింపగలడు. తనిఖీకి వచ్చిన యధికారికి అది కన్నులపండువుగా నుండును. 1854వ సంవత్సరపు విద్యాపత్రము మొదలు మిషను పాఠశాలలకు దొరకు సహాయద్రవ్యము తనిఖీతో ముడివడి యుండెను గనుక, కంటి కగపడు క్రమమునకు విలువ హెచ్చెను. చెడుగుడు, బిళ్ళంగోడు, కఱ్ఱసాము వీథులకు విడువబడెను.

ఆటలు నేర్పుటయు నొక విద్యయే, దానికిని శిక్షణ వలయునను తలంపు 1920వ సంవత్సరమున మద్రాసులో రూపము దాల్చెను. హారీ క్రో బక్ గారు వై.యం.సి.ఏ. పక్షమున నచ్చట వ్యాయామకళాశాలను స్థాపించిరి. ఇచ్చట సేవాసంఘము దారి చూపినది. అంతకు ముందే విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగ నుండిన కోడి రామమూర్తిగారు తమ దేహబలముచే దేశదేశముల కీర్తి గడించిరి. జనులు గుంపులుగా వచ్చి వారి బలమును జూచి కరతాళములు చేసిరి. ఐనను మన యిండ్లలో “ఆటలాడి చెడిపోకుము” అను మందలింపు మాత్రము మానలేదు. ఒక వీరుని మెచ్చుకొనుట వేఱు. మన బిడ్డను మైదానమునకు బంపుట వేఱు.

చెడుగుడు నాలోచింపుడు. ఎదుటివానిని ముట్టక యందు గెలుపు లేదు. ముట్టుట యే దోషమని తలంచిన సంఘమున నన్ని కులముల పిల్లలు గలసి యా యాట నాడు టెట్లు? 1950వ సంవత్సరమున నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ యధికరణముచే నంటరానితనమును రద్దు చేసినది. ఐనను ఆ చట్టము ప్రాణము పోసికొనునది పాఠశాల మైదానమున, ఒకని చేతిని వేఱొకడు పట్టినప్పుడే. నాడు వీథియాట యనిపించుకొన్న చెడుగుడే కబడ్డీ పేర 1990వ సంవత్సరమున బీజింగులో జరిగిన ఆసియా క్రీడలలో చేరి మన దేశమునకు బంగారుపతకమును దెచ్చినది.

బాలికల సంగతియు నిట్టిదే. స్త్రీల బరువులెత్తు పోటీ ఒలింపిక్ క్రీడలలో ప్రథమముగ చేరినది 2000వ సంవత్సరమున. ఆ యేడే సిడ్నీలో శ్రీకాకుళపు కరణం మల్లీశ్వరిగారు 240 కిలోగ్రాములెత్తి కాంస్యపతకము నందిరి. ఒలింపిక్ పతకము నందిన తొలి భారతస్త్రీ యామెయే. నియమము ద్వారము తెఱచినది. బిడ్డను ముందునకు బంపిన యిల్లు ఆ ద్వారమును సార్థకము చేసినది.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలమును, ఆటవస్తువులును ఉండవలెనని విధించినది. 6 మొదలు 8 వఱకు గల తరగతులలో నూర్గురకు మించి పిల్లలున్నచో వ్యాయామవిద్యకు బోధకు డుండవలె ననినది. కాని యతడు పూర్తికాలమువాడు గానక్కరలేదు. మన మాటల కిచ్చు స్థాన మెట్టిదో యా యొక్క నిబంధనయే తెలుపుచున్నది. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము క్రీడలు చదువునకు వెలుపలివి కావని చెప్పినది. ఆ మాటను నిలుపవలసినవారము మనము.

నేనును తప్పు చేసినవాడనే. పూర్వము పనిచేసిన యొక పాఠశాలలో పరీక్షలు సమీపింపగా పదవతరగతి యాటల గంటలను బీజగణితమునకు లాగుకొంటిని. తల్లిదండ్రులు సంతసించిరి, అడిగినవారు లేరు. నెల తిరుగకమునుపే పిల్లలు తరగతిలో కునుకుచుండిరి. ఒకనా డొక బాలిక నాకడకు వచ్చి, “మాష్టారండీ, ఇంటి దగ్గర నన్ను వీథిలోకి పోనివ్వరండీ. నేను పరుగెత్తేది ఆ ఒక్క గంటేనండీ” అనెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. మఱునాడే ఆ గంటను తిరిగి యిచ్చితిని.

తల్లిదండ్రులారా! మగ్గముకడ సాయపడి వచ్చు బిడ్డకు వ్యాయామ మెందుకని మీలో గొందఱడుగుదురు. పని కొన్ని యవయవములనే యలయించును. ఆట యన్నిటిని సమముగ పెంచి మనస్సున కుల్లాస మొసగును. పాండవుల మెట్టను రొప్పక యెక్కగల బిడ్డ పుస్తకముకడను అలయక కూర్చుండగలడు. కావున మార్కుల పత్రమును జూచునపుడు “ఈ వారము ఎన్ని మారులు ఆడితివి?” అనియు నడుగుడు. కుమారుని నడిగినట్లే కుమార్తెను గూడ నడుగుడు.