తెల్లనీటిపై తెప్ప

అలకనందయు భాగీరథియు దేవప్రయాగయొద్ద సంగమించి గంగ యను పేరు వహించును. అచ్చటినుండి హృషీకేశమువరకు నది ఇరుకైన కొండలోయలో దిగివచ్చును. ఆ నీటిపై జనులు గాలి నింపిన రబ్బరు తెప్పలలో విహరింతురు.

అచ్చటచ్చట నీరు తెల్లగా నుండుటకు కారణమేమి? బండ లడ్డగింపగా ప్రవాహము విరిగి, గాలిని తనలో కలుపుకొని నురుగగును. గాలి పాలు హెచ్చినకొలది ఆ నీరు మనుష్యుని చక్కగా తేల్పజాలదు. బండచాటున నీరు వెనుకకు మరలి నెమ్మదించును. తెప్పవాండ్రకు అది విశ్రామస్థానము. అయితే నీరు బండమీదుగా దుమికి పడుచోట ఆ మరలునీరే తెప్పను పట్టి విడువకుండవచ్చును. ఇట్టి చోట్లను కష్టమునుబట్టి 1 మొదలు 6 వరకు తరగతులుగా లెక్కింతురు. 1953లో ఎవరెస్టు నెక్కిన హిల్లరీ 1977లో సముద్రమునుండి జెట్ పడవలపై గంగ నెదురెక్కి పోగా, నందప్రయాగ సమీపమున నొక జలపాతము ఆయన పడవలను నిలిపివేసెను.

తెప్పనుండి జారిపడినవాడు వెంటనే కాళ్లూని నిలువజూచును. ఈతగాండ్రును ఈ తప్పు చేయుదురు. పాదము రాళ్లసందున చిక్కెనేని, వెనుకనుండి వచ్చు నీరు దేహమును ముందునకు వంచి, నడుములోతు లేని నీటియందైనను ముంచివేయును. కావున లైఫ్ జాకెట్టును నమ్మి వెల్లకిల పరుండి, పాదములు దిగువకు చాచి, కాలివ్రేళ్లు నీటిపై కనబడునట్లుంచుకొనవలెను. బండ యెదురైనను పాదములతో తన్నుకొనవచ్చును. వడి తగ్గినపిమ్మటనే ఒడ్డునకు ఈదవలెను.

వానకాలమున నది పొంగినపుడు ఈ విహారమును నిలిపివేయుదురు.