నడిచి చదివే చరిత్ర

పాఠ్యభాగ ఉద్దేశం : పుట్టి పెరిగిన ప్రాంతపు ప్రకృతిని, చరిత్రను, కథలను ప్రత్యక్షంగా పరిశీలించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం; చారిత్రక సత్యానికి, ఐతిహ్యానికి గల భేదాన్ని గుర్తింపజేయడం.

మనం పుట్టిన ఊరిని ప్రతిదినం చూస్తూనే ఉంటాం; పరిశీలించేది మాత్రం అరుదు. దూరాన ఉన్న కోటలను చూడటానికి వ్యయప్రయాసలకోర్చి వెళ్ళేవారు, ఇంటి ముందున్న కొండను ఒక్కసారైనా ఎక్కి ఉండరు. ఈ లోపాన్ని సరిదిద్దే సాధనం వారసత్వ నడక. ఊరి సంగతులు తెలిసిన మార్గదర్శి వెంట, చిన్న బృందంగా, నిర్ణీతమైన దారిలో నడుస్తూ, ఆగిన ప్రతిచోటా చూసి, విని, ప్రశ్నించి తెలుసుకోవడమే దీని పద్ధతి.

గుజరాత్‌లోని అహ్మదాబాద్ నగరంలో 1997 నవంబర్ 19న ఇటువంటి నడక ప్రారంభమైంది. అది కాలుపూర్ స్వామినారాయణ మందిరం వద్ద మొదలై, పాతనగరపు సందుల గుండా సాగి, జామా మసీదు వద్ద ముగుస్తుంది. 2017లో యునెస్కో ఆ నగరాన్ని ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. అటువంటి నడకకు తగిన సంపద కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలకు కూడా ఉంది.

ఆదోనిలో నడక కొండతోనే మొదలుకావాలి. ఇక్కడి గ్రానైటు శిలలు దక్కను పీఠభూమిలోని అతి ప్రాచీన శిలల కోవకు చెందినవి; వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఎండకు, వానకు పగిలి ఒకదానిపై ఒకటి నిలిచిన ఈ బండలే కోటకు సహజమైన ప్రాకారాలయ్యాయి. బండల నడుమ వాననీరు నిలిచే దొనలు కరువుసీమలో నీటి విలువను తెలుపుతాయి.

పూర్వం ఆదవానిగా పిలువబడిన ఈ దుర్గం విజయనగర రాజ్యానికి ముఖ్య స్థావరం. 1565లో జరిగిన రాక్షసి-తంగడి యుద్ధం తరువాత, 1568లో ఇది బీజాపూరు సుల్తానుల వశమైంది. 17వ శతాబ్దంలో పాలకుడైన సిద్ది మసూద్ ఖాన్ ఇక్కడి జామియా మసీదును నిర్మించాడు. అనంతరం మొగలులు, నిజాము వంశీయులు ఏలారు. 1786లో టిప్పు సుల్తాను కోటను ముట్టడించి, గెలిచి, బురుజులను కూలగొట్టించి, ఫిరంగులను గుత్తికి తరలించాడు. 1800లో ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీకి దత్తమైంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఈ వీధుల్లో నేటికీ తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించడానికి కారణం ఈ చరిత్రయే.

చరిత్ర పక్కనే కథ కూడా నడుస్తుంది. చదువురాని వెంకన్న అనే అనాథ బాలుడు, నవాబు ఇచ్చిన లేఖను రాఘవేంద్రస్వామిని తలచుకొని చదివాడనీ, తరువాత ఆదోని దివాను అయ్యాడనీ భక్తులు చెప్పుకుంటారు. తుంగభద్రా తీరంలోని మంచాల గ్రామాన్ని మసూద్ ఖాన్ స్వామికి దానమిచ్చాడని కూడా ప్రతీతి. అదే నేటి మంత్రాలయం. ఇటువంటి చోట మార్గదర్శి బాధ్యత పెద్దది. శాసనం, కట్టడం, దస్తావేజు చెప్పేది ఒకటి. జనం చెప్పుకొనేది మరొకటి. రెండింటినీ కలిపి చెబితే చరిత్ర కలుషితమవుతుంది. కథను పూర్తిగా వదిలేస్తే జనుల మనసు మనకు తెలియకుండా పోతుంది. కనుక ఏది ఏదో చెప్పి, రెండింటినీ వినిపించాలి.

కొండ దిగితే నల్లరేగడి నేల, ఆ నేలలో పత్తి, ఆ పత్తికి ఆదోని మార్కెట్టు. గింజను వేరుచేసి దూదిని బేళ్ళు కట్టే జిన్నింగ్ మిల్లులు కూడా ఈ పట్టణ చరిత్రలో భాగమే. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరులో దారం వస్త్రమవుతుంది. మాచాని సోమప్ప గారి కృషితో 1938లో అక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. కరువుకు, అప్పులకు చిక్కిన నేతగాళ్ళకు అది పనిని, నూలును, అమ్మకపు దారిని చూపింది. సోమప్ప గారు పద్మశ్రీ పురస్కారం పొందారు. గుంటమగ్గం ముందు కూర్చుని, పడుగు పోగుల మధ్య నాడె పరుగెత్తే తీరును చూసినవారికి ఒక దుప్పటి వెనుక ఎంత శ్రమ ఉన్నదో అర్థమవుతుంది. ఏటా నీలకంఠేశ్వరస్వామి రథోత్సవంలో ఊరంతా ఒక్కటవుతుంది.

అయితే ఈ సంపద నిలకడైనది కాదు. కోటగోడలు శిథిలావస్థలో ఉన్నాయి. మరమగ్గం వచ్చిన తరువాత చేతిమగ్గాలు తగ్గాయి. నేతపాటలు, పనిముట్ల పేర్లు పెద్దల నోటనే మిగిలాయి. వానలు లేని ఏట ఈ ప్రాంతపు కుటుంబాలు గుంటూరు మిరపచేలకు వలసపోతాయి. వారితోపాటు పిల్లలూ, వారి చదువులూ దారి తప్పుతాయి. తన ఊరిలో చెప్పుకోదగినది ఏదీ లేదని నమ్మి పెరిగినవాడు దానిని కాపాడుకోవాలని అనుకోడు. వారసత్వ నడక వలసను ఆపలేకపోవచ్చు. కాని ఊరిపట్ల చిన్నచూపును తప్పక పోగొడుతుంది.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. ఉదయపు చల్లని వేళ, పదిహేను మంది విద్యార్థులు, రెండు గంటల సమయం, ఒక నోటు పుస్తకం చాలు. రాళ్ళపై పేర్లు చెక్కరాదు. ప్రార్థనా స్థలాల మర్యాదలను పాటించాలి. మగ్గం వద్ద నేతగాని అనుమతి లేనిదే ఫోటో తీయరాదు. విన్నదానిని, చెప్పినవారి పేరుతో, తేదీతో ఆనాడే వ్రాసుకోవాలి. పెద్దల జ్ఞాపకాలు అక్షరబద్ధమయ్యేది అప్పుడే.

కఠిన పదాలకు అర్థాలు
ఐతిహ్యం = పరంపరగా చెప్పుకొనే కథ
ప్రాకారం = చుట్టుగోడ
దొన = కొండపై నీరు నిలిచే గుంట
పడుగు = మగ్గంపై నిలువు పోగులు

ప్రశ్నలు
I. వ్యాసరూప సమాధానం వ్రాయండి.
1. ఆదోని చరిత్రను, ఎమ్మిగనూరు చేనేతను పాఠం ఆధారంగా వివరించండి.

II. సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. చరిత్రను, కథను మార్గదర్శి ఏ విధంగా చెప్పాలి? ఎందుకు?
2. వారసత్వ నడకలో పాటించవలసిన నియమాలేవి?

III. సంధి విడదీసి, పేరు వ్రాయండి.
1. రథోత్సవం 2. శిథిలావస్థ 3. ప్రత్యక్షం

IV. ప్రాజెక్టు పని
మీ ఊరిలో ఐదు మజిలీలతో ఒక నడక దారిని రూపొందించి, ప్రతి మజిలీ గురించి ఐదు వాక్యాలు వ్రాయండి.