బాలక్లావా రేవు ఛాయాపటములు

యుద్ధమనగానే మనకు కత్తులు, ఫిరంగులు స్ఫురించును. కాని తిండియు, బట్టయు, మందుగుండును సకాలమున చేరనిచో ఎంతటి సేనయు నిలువజాలదు. ఇట్టి సామగ్రి దిగిన స్థలమును చూపు తొలి ఛాయాపటములను గూర్చి యిచట వివరింపదలచితిమి.

క్రిమియా యుద్ధమున ఆంగ్లసేన 1854లో సెబాస్టపోలు పట్టణమును ముట్టడించెను. దాని సామగ్రియంతయు బాలక్లావా అను ఇరుకైన రేవున దిగుచుండెను. ఆ సంవత్సరము నవంబరు 14వ తేదీని గొప్ప గాలివాన వీచి, చలిబట్టలు తెచ్చిన ‘ప్రిన్సు’ అను ఓడ మునిగిపోయెను. రేవునుండి శిబిరమునకు గల దూరము కొలది మైళ్లే. అయినను బాట బురదయై బండ్లు కదలవయ్యెను. రేవున సరకులుండియు, శిబిరమున సైనికులు చలిచేతను రోగములచేతను మడిసిరి. ఈ దుస్థితిని విలియం హోవర్డు రస్సెల్ ‘టైమ్సు’ పత్రికకు వ్రాసి లోకమునకు తెలిపెను.

1855 మార్చిలో రోజరు ఫెంటను అను ఆంగ్లేయుడు అచటికి వచ్చెను. ఒక ద్రాక్షసారా వర్తకుని బండియే ఆయనకు చీకటిగది. అప్పటి పద్ధతి మిక్కిలి కష్టమైనది. గాజుపలకకు కొలోడియను పూసి, సిల్వరు నైట్రేటు ద్రవమున ముంచి, తడి యారకముందే కెమెరాలో నుంచి పటము తీసి, వెంటనే మందునీటితో బొమ్మను తేల్చవలెను. ఒక్కొక్క పటమునకు కొన్ని సెకండ్లు పట్టును. కదలినది చెదరిపోవును, నిలిచినదే స్పష్టముగా పడును. కావున లంగరు వేసిన ఓడలు, గుండ్ల రాసులు, క్రొత్త ఇనుపదారి యార్డు ఆయన పటములలో చక్కగా కుదిరినవి.

ఆయన తీసిన సుమారు 360 పటములలో సైనికుల శవములు కానరావు. ఆయన వచ్చునప్పటికి ఘోరమైన శీతకాలము గడచెను. సరకులు మోయుటకు ఇనుపదారియు సిద్ధమగుచుండెను. అంతేకాక, ఆ పటములు కొనువారికి అమ్ముటకై తీయబడినవి.

పటము అబద్ధమాడలేదు, కాని జరిగినదంతయు చెప్పలేదు. రేవునిండ సరకులు చూచి సైనికులు సుఖముగా నుండిరని తలచుట పొరపాటు. రస్సెల్ జాబులను ఫెంటను పటములతో కలిపి చూచిననే నిజము తెలియును. కావున విద్యార్థులారా, ఏ పటమును చూచినను, ఇది ఎప్పుడు తీసిరి, ఎవరికొరకు తీసిరి, దీనిలో పడనిదేమి అని మనము ప్రశ్నించుకొందము.