ఒకే ఊరు, రెండు లెక్కలు

పిల్లలతో కలిసి చదవండి (7 నుంచి 10 తరగతులు, సోషల్ స్టడీస్)



చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు బట్టీ పట్టడమేనని చాలామంది పిల్లల అభిప్రాయం. ఊరి చరిత్ర అలా ఉండదు. జనాభా లెక్కల్లో, పాత మ్యాపుల్లో, మునిసిపల్ రిజిస్టర్లలో, దినపత్రికల్లో అది ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆ కాగితాలన్నీ చదవడానికి ఒక మనిషి జీవితం చాలదు. అందుకే ఇప్పుడు వాటిని స్కాన్ చేసి, పట్టికలుగా మార్చి, కంప్యూటర్‌తో పోల్చి చూస్తున్నారు. ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో, ఎక్కడ జాగ్రత్తపడాలో మన ఊరి ఉదాహరణలతోనే చూద్దాం.

ముందు ఒక లెక్క

2001 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ జనాభా సుమారు 36 లక్షలు. 2011లో గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు దాటింది. ఈ రెండు అంకెలూ ఎక్సెల్‌లో వేస్తే క్షణంలో గ్రాఫ్ వస్తుంది. పదేళ్లలో నగరం దాదాపు రెట్టింపు అయిందని చూపిస్తుంది.

ఇప్పుడు అదే పదేళ్లకు హైదరాబాద్ జిల్లా అంకెలు చూడండి. 2001లో సుమారు 38 లక్షల 30 వేలు. 2011లో 39 లక్షల 43 వేలు. పెరుగుదల 3 శాతం లోపే! మన బోయిగూడ ఈ రెండు లెక్కల్లోనూ ఉంది. మరి ఏది నిజం?

రెండూ నిజమే. 2007 ఏప్రిల్‌లో కూకట్‌పల్లి, ఎల్బీనగర్, మల్కాజిగిరి, ఉప్పల్ సహా చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేశారు. అప్పటిదాకా నగరం లెక్కకు బయట ఉన్న లక్షల మంది లోపలికి వచ్చారు. జిల్లా సరిహద్దు మాత్రం ఆ పదేళ్లలో మారలేదు. కంప్యూటర్ కూడిక తప్పలేదు. అయితే పోల్చిన రెండు నగరాలూ ఒకటి కావు. సికింద్రాబాద్ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న మన ఊరికి 1960 వరకు వేరే మునిసిపాలిటీ ఉండేది. కాబట్టి పాత పట్టికలో 'హైదరాబాద్' అని కనిపిస్తే, అందులో సికింద్రాబాద్ కలిసి ఉందా లేదా అని ముందు అడగాలి.

కొన్నిసార్లు అంకె వెనక పెద్ద దుఃఖం ఉంటుంది. 1911లో దాదాపు 5 లక్షలుగా ఉన్న నగర జనాభా 1921 నాటికి సుమారు 4 లక్షలకు పడిపోయింది. ఆ పదేళ్లలో ప్లేగు వచ్చింది, 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. తగ్గిందని పట్టిక చెబుతుంది. ఎందుకు తగ్గిందో మనం వెతకాలి.

మ్యాపు మీద మ్యాపు

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద గురించి పిల్లలు పాఠంలో చదివారు. ఆ వరద తర్వాత, 1912-15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాద్‌ను ఇళ్లతో సహా కొలిచి వందలాది షీట్ల మీద మ్యాపులు గీశారు. అలాంటి పాత మ్యాపును స్కాన్ చేసి, చార్మినార్, పురానాపూల్ లాంటి కదలని గుర్తులను ఇప్పటి ఉపగ్రహ చిత్రంలోని అవే గుర్తులతో కలుపుతారు. అప్పుడు పాత మ్యాపు కొత్తదాని మీద సరిగ్గా కూర్చుంటుంది. నాటి ఖాళీ స్థలంలో నేడు ఏముందో, నది పక్క ఎవరు ఇల్లు కట్టుకున్నారో కనిపిస్తుంది. మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే 'భువన్' వెబ్‌సైటులో ఉపగ్రహ చిత్రాలను పిల్లలు ఇంట్లోనే చూడొచ్చు.

పేర్ల దగ్గర చిక్కు

'బోయిగూడ', 'భోయిగూడ' ఒకటేనని మనకు తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు. చెప్పకపోతే వాటిని రెండు ఊళ్లుగా లెక్కిస్తుంది. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు పేర్లు సరిచేయడానికే చాలా సమయం పడుతుంది. బోయీలు అంటే పల్లకీ మోసేవాళ్లు. వాళ్లు ఉండేవారు కాబట్టే ఈ పేరు వచ్చిందా? ఇది మంచి ప్రశ్న. పేరు ఒక ఆధారమే కానీ రుజువు కాదు. రుజువు పాత రికార్డుల్లో దొరకాలి.

గడిలో లేని మనుషులు

2022 మార్చి 23 తెల్లవారుజామున మన బోయిగూడలోని తుక్కు గోడౌన్‌లో మంటలు లేచాయి. పై భాగంలో నిద్రపోతున్న బీహార్ కార్మికులు 11 మంది చనిపోయారు. బయటి నుంచి చూస్తే అది గోడౌన్. లోపల మనుషులు ఉంటున్నారు.

జనాభా లెక్కల వాళ్ల ఫారంలో ఇల్లు, దుకాణం లాంటి గడులతోపాటు 'నివాసం, ఇతర వాడకం రెండూ' అనే గడి కూడా ఉంది. అడిగేవాళ్లు అడిగితే, చెప్పేవాళ్లు చెబితేనే అందులో టిక్ పడుతుంది. గోడౌన్ అని మాత్రమే రాసుకుంటే, వందేళ్ల తర్వాత ఎంత గొప్ప కంప్యూటర్ వెతికినా అక్కడ మనుషులున్నారని తెలియదు. డేటాలో లేనివాళ్లు చరిత్రలోనూ ఉండరు. అంతకంటే ముందు, ఇక్కడ మనుషులున్నారు, వీళ్లకు బయటికి దారి ఉందా అని అడిగేవాళ్లు కూడా ఉండరు. పిల్లలు ఈ పాఠం నుంచి నేర్చుకోవాల్సింది ఇదే. ఏ పట్టిక చూసినా ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు అని అడగడం.

ఆదివారం పని

మీ వీధిలో ఒకవైపు 20 గుమ్మాలు పిల్లలతో కలిసి చూడండి. నోట్‌బుక్‌లో నాలుగు నిలువు గడులు గీయించండి: కింద ఏముంది (ఇల్లు, కిరాణా, టింబర్ డిపో, వర్క్‌షాపు), పైన ఏముంది, రాత్రిపూట అక్కడ ఎవరైనా ఉంటారా, ఇరవై ఏళ్ల క్రితం ఏముండేది. చివరి గడి కోసం తాతయ్యనో నాయనమ్మనో, పాత దుకాణదారునో అడగమనండి. మర్యాదగా అడగాలి. ఎవరి పేర్లూ, ఫోన్ నంబర్లూ రాయొద్దు, ఫొటోలు తీయొద్దు. తెలియని చోట 'తెలియదు' అని రాయాలి, ఊహించి నింపకూడదు. ఒక్క విన్నపం: పట్టిక మీరు నింపిపెట్టకండి, పక్కన నడవండి చాలు.

ఆ పేజీని వచ్చే వారం క్లాసుకు పంపండి. అందరి పట్టికలూ కలిపి కంప్యూటర్ ల్యాబ్‌లో మన బోయిగూడ మ్యాపు తయారుచేస్తాం. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో పిల్లలే మీకు దాన్ని వివరిస్తారు.

— సోషల్ స్టడీస్ టీచర్, బోయిగూడ బ్రాంచి